కడిగిన గాజు

గుణుపురం ఆసుపత్రి వెనక, శవాల గదికి ఇవతల
ఒక రేకుల గది.
అందులో నా పని గాజు కడగడం.
సోడా, వేడినీళ్ళు, పట్టిపెట్టిన వాననీళ్ళు. మూడు సార్లు.
ఆఖర్న వెలుతురుకేసి ఎత్తి చూస్తే
వంశధార అవతలి కొండ తిన్నగా కనపడాలి.
కొండ వంకరపోతే మళ్ళీ మొదటికి.

కూర్మావతమ్మగారు వచ్చిన ఏడు
ఊడ్పుల్లో జొరాలు.
అందరి చీటీ మీదా ఒకటే రాత, క్షయ.
ఆ మందే మింగి మింగి
నడిమి వీధి అప్పలకొండ, షుగరు మనిషి,
పదకొండో నాడు పోయాడు.
అతని చీము చుక్కని
ఊదారంగు పళ్ళెం మీద గీసి
మూతపెట్టి ఊరుకుందావిడ.

నాలుగో నాడు "చూడు కామేసూ" అని పిలిచింది.
చిన్న బిళ్ళలు, ఊదావి,
ముడతలు పడి, ముడతల్లో మళ్ళీ ముడతలు పడి,
పొద్దస్తమానం మడిలో నానిన
మా యమ్మ వేలికొసల్లా ఉన్నాయి.
ఆ మాటే అన్నాను.
నవ్వలేదు. పుస్తకంలో రాసుకుంది.

రేకు డబ్బాలో ఐసూ రంపపుపొట్టూ కూరి
మూడు పళ్ళేలు నౌపడ బండి గార్డుకి అప్పజెప్పాను.
ఆ బుల్లి రైలుకి తొందరెక్కడిది,
దిగి జీడిపళ్ళు కోసుకుని మళ్ళీ ఎక్కొచ్చు.
కటకం నుంచి జవాబుకి రెండు నెలలు.
ఒక్క వాక్యం:
మీ గాజుకి అంటిన మట్టి పురుగు, పారేయండి.

నా గాజుకి!
ఆ రాత్రి కూడు సయించలేదు.
మర్నాడు, మానేస్తానన్న మాట నోట్లో నానుతుండగా
కడిగిన గొట్టం ఒకటి తీసి
ఆవిడ కిటికీకేసి ఎత్తింది.
"కొండ తిన్నగానే ఉంది కామేసూ."
ఆ పరీక్ష నాకొక్కడికే తెలుసనుకున్నాను.
"మట్టిదన్నారు కదా,
మట్టినే అడుగుదాం."

ఇంక అదే పని.
జానెడు లోతు, మూరెడు లోతు,
ఎవరి మడి, ఏ గట్టు, ఎన్నో వాన.
సవర ఊళ్ళ మెట్టమళ్ళు, కాశీనగరం పల్లం.
ఒకరిని ఒరియాలో, ఒకరిని తెలుగులో,
సవర మాటల్లో మొహమాటపడుతూ ఇంకొకరిని
కాలి పుండు చూపించమని బతిమాలేది.
వాన వెలిసిన ప్రతిసారీ పళ్ళెంలో అవే వేలికొసలు.
దూరదేశాల్లో ఎవరో మధ్యలో దాని పేరు మార్చారు.
పాతదానికే నాకు నోరు తిరగలేదు.
ముడత మాత్రం మారలేదు.

ఒక ఏడు రబ్బరు బూట్లు పంచింది.
బూట్లు బురదలో ఉండిపోయాయి, కాళ్ళు పైకొచ్చాయి.
"ఓలమ్మ డాక్టరమ్మా, మడి బూట్లేసుకుంతాదేటి!"
ఊడ్పుకత్తెలు పడీపడీ నవ్వితే ఆవిడా నవ్వింది.
గదికొచ్చి లెక్క రాసింది:
నలభై జతలు. ఫలితం సున్నా.

పంతొమ్మిదో ఏట కటకం ఒప్పుకుంది.
ఉత్తరమేమీ లేదు,
ఫారంలో ఒక కొత్త గడి చేర్చారంతే.
ఆ గడిలో మొదటి టిక్కు పడ్డ కుర్రాడు బతికాడు.
సంతలో ఎండుచేపలు అమ్ముతాడు.
ఆవిణ్ణి గుర్తుపట్టడు,
చిల్లర కూడా సరిగా ఇవ్వడు.
అయినా వాడి దగ్గరే కొంటుంది.

దిగిపోయే రోజున
అలమారులో మిగిలిన గొట్టాలన్నీ నా చేతికిచ్చింది.
అసలువి పైకి పంపేసింది, ఇవి జంట నకళ్ళు.
నూట ఇరవై ఒక్క డిగ్రీలు, ఇరవై నిమిషాలు.
ఇరవై ఆరేళ్ళు తిండిపెట్టి పెంచినవి,
ఒకటో నంబరు అప్పలకొండది.
ఆవిరి ఈలవేసేదాకా
గుమ్మం బయట, చూరు కింద నిలబడింది.

బయట తొలకరి.
ఏదో ఒకటి అనాలని
"మట్టి వాసన బాగుందమ్మా" అన్నాను.
"మన పళ్ళేల వాసనే కదూ" అంది.
అవును. మూత తియ్యకపోయినా
గదంతా అదే ఉండేది ఇన్నేళ్ళూ.

చల్లారాక గొట్టాలు కడిగాను.
ఎవరికీ అక్కర్లేదు. అయినా మూడు సార్లు.
ఒకటి ఎత్తి చూశాను.
వానకి
కొండ కనపడలేదు.